చెయ్యెత్తేదాకా దించని కాగితం

మంగళవారం పొద్దున పది దాటింది. ఆస్పత్రికి పట్టుకెళ్దామని చారు కాచి ఫ్లాస్కులో పోస్తున్నాను. మిరియం తక్కువేసి కాయమని ముందురోజు మా అమ్మాయే అడిగింది. మూత తిప్పుతుండగా అల్లుడి ఫోను వచ్చింది. "అత్తయ్యా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు. మూత సరిగా బిగించానో లేదోనని మళ్ళీ తిప్పి చూసుకున్నాను. అదే పని ఎన్నిసార్లు చేశానో తెలియదు. అల్లుడు ఇంటికొచ్చి తలుపు తీసేసరికి కూడా ఫ్లాస్కు నా చేతుల్లోనే ఉందట.

ఈ పరాయి దేశంలో మా తెలుగువాళ్ళు ఏడాదికోసారి వేసే పుస్తకంలో మా అమ్మాయి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చెబితే ఎవరో ఒకరు పొందిగ్గా రాసిపెడతామన్నారు. వద్దు, నేనే రాస్తానన్నాను. నా చదువు మూడో తరగతి. తెనాలి దగ్గర మా ఊళ్ళో తమ్ముళ్ళని ఎత్తుకోవడానికి బడి మానిపించారు. అక్షరాలు వచ్చు, ఒక్కోటీ కూడబలుక్కుని చదువుతాను. నేను నోట్‌బుక్కులో రాసింది అల్లుడు కంప్యూటర్లో ఎక్కించాడు. ఇంత కష్టం ఎందుకంటే, ఇందులో నేను ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. అది ఇంకొకరి చేత రాయించేది కాదు.

మా అమ్మాయి అక్షరాలు చేసేది.

మొదట ఆ మాట నాకు అర్థం కాలేదు. అక్షరాలు చేయడమేంటే, అవి ఎప్పటినుంచో ఉన్నాయి కదా అన్నాను. హెండర్సన్‌లో బోర్డులు, కార్ల మీద స్టిక్కర్లు చేసే షాపులో దానికి ఉద్యోగం. న్యూ లిన్‌లో స్టేషన్ పక్క అపార్ట్‌మెంట్‌లో మేం ఉండేది. రోజూ రైలెక్కి వెళ్ళొచ్చేది. సాయంత్రం రైలు పది నిమిషాలు ఆలస్యమైతే నేను బాల్కనీలో నిలబడి ప్లాట్‌ఫామ్ వైపే చూస్తుండేదాన్ని. మెట్లెక్కుతూ కింది నుంచే చెయ్యూపేది. లోపలికొచ్చాక, "వచ్చిన రైళ్ళన్నీ నువ్వే లెక్కపెడుతున్నావు, నీకే జీతం ఇవ్వాలి వాళ్ళు" అని వెక్కిరించేది. అంత భయం నాకు పుట్టుకతోనే ఉంది. అమ్మాయి కడుపున పడ్డాక ఇంకా ఎక్కువైంది.

షాపులో ఇంగ్లీషు బోర్డు వేయాలంటే ఎన్ని రకాల అక్షరాలు ఉన్నాయో ఓసారి కంప్యూటర్లో చూపించింది. సన్నవి, లావువి, గుండ్రటివి, వంగినవి, చూసేకొద్దీ వస్తూనే ఉన్నాయి. తెలుగులో బోర్డు కావాలని ఎవరైనా వస్తే మాత్రం ఉన్న నాలుగింటితోనే సర్దుకోవాలట. దూరం నుంచి పిలిచే అక్షరాలు కావాలని దాని ఆశ. లావుగా, ముందుకు వాలి, పరుగు మొదలెట్టబోయే మనిషిలాగా ఉండాలి. మూడేళ్ళు వాటి మీదే కూర్చుంది. షాపు పని అయ్యాక ఇంట్లో చేసుకునేది.

"ఇవి కేకేసే అక్షరాలమ్మా. కథ చెప్పేవి కాదు. కేక ఒక్క మాటైతేనే బాగుంటుంది" అనేది.

అన్నట్టే చేసేది కూడా. తెలిసినావిడొకరు కూతురి పెళ్ళి కార్డు మొత్తం ఆ అక్షరాల్లోనే కావాలని ముచ్చటపడితే, ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. పెళ్ళికి పిలిచేటప్పుడు ఎదుటివాళ్ళ చెవిలో అరుస్తామా ఆంటీ అని నవ్వేసి, వేరే సన్నటి అక్షరాలతో చేసిచ్చింది. ఆల్బనీలో శనివారాలు పిల్లలకి తెలుగు చెప్పే క్లాసుకి మాత్రం తలుపు మీద కట్టుకునే బ్యానర్ అడక్కుండానే చేసిచ్చింది. క్రికెట్ ఆడే కుర్రాళ్ళ చొక్కాల వెనక పేర్లూ అవే. ఆ కుర్రాళ్ళు ఓడిపోయిన రోజు కూడా చొక్కాలు మాత్రం గెలిచినట్టు ఉండేవి.

ఇంగ్లీషు అక్షరాన్ని వాల్చడం తేలికట. మనది వాల్చడం కష్టమని చెప్పేది. మన తలకట్టు ముందే పక్కకి వాలి ఉంటుంది కదా, అక్షరాన్ని ఇంకా వాలిస్తే అది పూర్తిగా పడుకుంటుంది. వాల్చినప్పుడు పైనున్నది ముందుకు పోతుంది, కిందున్నది వెనక్కి పోతుంది. అందుకని కింద రాసే వత్తు జరిగి ఎడమపక్కనున్న అక్షరం కిందికి పోతుంది. ఇదంతా నాకు తెలియదు. నేను చూసి అన్నది ఒక్కటే. ఒకరోజు తను గోడకి పెట్టిన కాగితం మీద 'అమ్మ' అని ఉంది. ఆ వత్తు చంటిపిల్లలాగా పక్కావిడ కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడింది, వాళ్ళమ్మ దగ్గరికి పంపించు అన్నాను. అది పగలబడి నవ్వి, అప్పటికప్పుడు దాన్ని కుడి పక్కకి జరిపింది. ఆ రోజు నుంచే నాకు ఉద్యోగం ఇచ్చింది.

నా ఉద్యోగం చదవడం. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ దగ్గర నుంచి మా తలుపుదాకా పొడుగాటి వరండా ఉంది. ఇరవై అడుగులు. ఫుట్‌పాత్ మీద నిలబడితే రోడ్డుకి అవతల పోయే బండి అంత దూరంలో ఉంటుందని దాని లెక్క. తను తలుపు దగ్గర కాగితం ఎత్తి పట్టుకునేది, నేను లిఫ్ట్ దగ్గర నిలబడేదాన్ని. చదవడం అయ్యాక చెయ్యెత్తాలి. ఆ తర్వాతే పైకి చదివి వినిపించాలి. నేను చెయ్యెత్తేదాకా తను కాగితం దించదు. అది మా రూలు. ఈలోపు లోపల అంకెలు లెక్కపెట్టుకుని, ఎంత పట్టిందో కాగితం మూల పెన్సిల్‌తో వేసుకునేది.

అల్లుణ్ణి నిలబెట్టొచ్చు కదే, ఇంజనీరు చదివినవాడు అన్నాను. "ఆయన చదవడమ్మా, గుర్తుపడతాడు. చదువుకున్నవాళ్ళు సగం చూసి మిగతాది ఊహించుకుంటారు. నువ్వు ఒక్కో అక్షరం చూస్తావు. ఎక్కడ తేడా ఉందో నీకే తెలుస్తుంది" అంది. అల్లుడు సోఫాలోంచే, డిగ్రీ వెనక్కిచ్చేస్తాలే అన్నాడు.

ఎదురింట్లో చైనా ముసలాయన ఒకరుంటారు. ఓసారి తలుపు తీసి మా వాలకం చూశారు. మా అమ్మాయి సారీ చెప్పింది. ఆయన వెళ్ళకుండా నా పక్కకొచ్చి నిలబడి, కళ్ళు చికిలించి కాగితాన్ని చూసి, నాకంటే ముందే చెయ్యెత్తారు. ఆయనకి తెలుగు ఎక్కడిది. మా అమ్మాయి మాత్రం ఆయన అంకె కూడా వేసుకుంది. నాకు కాస్త ఉక్రోషం వచ్చింది కూడా.

ఒక్కోసారి చదవలేకపోయేదాన్ని. అప్పుడు నాకు బడి గుర్తొచ్చేది. నాకు రాక చదవలేదేమో, నీ అక్షరం బాగానే ఉందేమో అనేదాన్ని. అది మాత్రం ప్రతిసారీ ఒక్కటే మాట.

"నువ్వు చదవలేకపోతే తప్పు అక్షరానిదమ్మా. నీది కాదు."

ఆ మాట వినడానికి బాగుండేది. నమ్మకం మాత్రం కుదిరేది కాదు.

కరీంనగర్ నుంచి వచ్చిన అతనొకరు టిఫిన్ల బండి పెట్టుకుందామని పాత వ్యాను కొన్నాడు. మా అమ్మాయిని అక్కా అంటాడు, మేమూ బండి తమ్ముడనే పిలుస్తాం. బండి పేరు ఘుమఘుమ. పేరు విని మా అమ్మాయి ఎగిరి గంతేసింది, ఇంతకంటే కేకేసే మాట ఏముంటుందని. ఒక ఆదివారం పేరు రెండు కాగితాల మీద పెద్దగా వేయించి, వాటిని వ్యాను రెండు పక్కలా టేపుతో అంటించి చూశారు. డ్రైవర్ పక్క అక్షరాలు బండితోపాటు ముందుకు ఉరుకుతున్నాయి. ఫుట్‌పాత్ పక్కన అదే మాట బండి వెనకవైపు వాలి ఉంది. నేను అటూ ఇటూ తిరిగి చూసి, ఇదేందే, ఈ పక్కన బండి ముందుకి పోతుంటే అక్షరాలు వెనక్కి పోతున్నాయి అన్నాను. బండి తమ్ముడి మొహం చిన్నబోయింది. "అవునక్కా, ఈ దిక్కు జూస్తే బండి ఎన్కకు గుంజుతున్నట్టున్నది" అన్నాడు.

మా అమ్మాయి చాలాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. తర్వాత, ఈ పక్క టిఫిన్లు అందించే కిటికీ ఉంది కదా తమ్ముడూ, జనం ఇటు చూసేది బండి ఆగాకే అంది. ఆగిన బండి మీద వెనక్కి వాలితే, వెనకొచ్చేవాళ్ళని రమ్మని పిలిచినట్టే ఉంటుంది, అలాగే ఉండనీ అంది. అతను మళ్ళీ చూసి, నిజమే అక్కా, లైన్ల నిలబడుమని చెప్తున్నట్టున్నది అన్నాడు. ఆ రోజు ముగ్గురం ఎంత నవ్వామో. మా అమ్మాయి నవ్వుతూనే వ్యానుకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఎండలో నిలబడ్డాను కదా, కళ్ళు తిరిగాయంది. ఇంటికెళ్ళి కొబ్బరినీళ్ళు తాగితే పోతుందంది.

పోలేదు. రక్తంలో జబ్బన్నారు. ఆ మాట చెప్పిన రోజు నుంచి ఆస్పత్రి, ఇల్లు, మళ్ళీ ఆస్పత్రి. డాక్టర్లు చెప్పేది నాకు అర్థమయ్యేది కాదు. నేను అల్లుడి మొహంలో చదువుకునేదాన్ని. అక్కడ కూడా ఒక్కో అక్షరమే.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను.

ఘ అనే అక్షరాన్ని చూడండి. రెండు గిన్నెలు అంటుకుని కూర్చున్నట్టు ఉంటుంది. కుడిపక్క తోక లేస్తుంది, నెత్తిన తలకట్టు, కొమ్మిస్తే ఇంకో తోక. దాన్ని లావు చేసి, పైగా వాలిస్తే ఆ గిన్నెల్లో చోటే మిగలదు. మా అమ్మాయి మిగతావన్నీ పూర్తిచేసింది. ఈ ఒక్కటి ఇరవై ముప్పైసార్లు మార్చింది. నా సంగతి చూస్తే, చిన్నప్పుడు పలక మీద గుణింతాలు రాయించేటప్పుడు ఘ దగ్గరికొచ్చేసరికి పక్కపిల్ల పలకలోకి చూసి దించేదాన్ని. మామూలు అచ్చులో కనపడినా నాకు అది కాస్త తడబాటే. ఈ సంగతి మా అమ్మాయికి ఎన్నడూ చెప్పలేదు. దాని దగ్గర నాకున్న ఉద్యోగం పోతుందని భయం.

చివరిసారి ఆస్పత్రిలో చేరినప్పుడు లాప్‌టాప్ తెప్పించుకుంది. ఓ శుక్రవారం మధ్యాహ్నం, షాపులో వేయించి తెమ్మన్న కాగితం అల్లుడు తెచ్చిచ్చాడు. గది చిన్నది కాబట్టి ఆ దూరానికి తగ్గట్టు అక్షరాలు చిన్నవి చేయించానంది. తలుపు దగ్గర నిలబడమంది. నేను పట్టుకుంటాను, నువ్వు పడుకో అని అల్లుడన్నాడు. ఒప్పుకోలేదు. తనే మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులతో కాగితం ఎత్తింది.

ఆ చేతులు మీరు చూడలేదు. సూదులు గుచ్చిన చోటల్లా నల్లగా కమిలి ఉన్నాయి. చేతికి అంటించిన ప్లాస్టర్ల బరువుకే ఒంగిపోతాయేమో అన్నట్టున్నాయి. కాగితం వణుకుతోంది. నేను చూస్తున్నాను. మొదటి అక్షరం నల్లటి ముద్దలా ఉంది. అది వణకడం వల్లా, నా కళ్ళలో నీళ్ళ వల్లా, నాకు ఘ రాకపోవడం వల్లా, లేకపోతే అది అక్షరంలో తప్పా, ఏమీ తేల్చుకోలేకపోయాను. నాకు తెలిసింది ఒక్కటే. నేను చెయ్యెత్తేదాకా అది కాగితం దించదు.

చెయ్యెత్తాను.

"చదివావా?" అంది.

"ఘుమఘుమ" అన్నాను.

"అంత తొందరగానా?"

"ఎన్నిసార్లు చూశానే, ఇంకా రాదా" అన్నాను.

అది నన్ను కాసేపు చూసింది. కాగితం ఒళ్ళో పెట్టుకుని పెన్సిల్‌తో మూల ఏదో గీసింది. "అయితే అయిపోయిందిలే అమ్మా" అని నవ్వి, లాప్‌టాప్ మూసేసి వెనక్కి వాలింది. చాలా రోజుల తర్వాత హాయిగా కళ్ళు మూసుకున్నట్టు అనిపించింది. చేతులు దుప్పటి మీదికి దించాక నా ప్రాణం కుదుటపడింది. నాలుగో రోజు, ఆ మంగళవారం, ఫోను.

అప్పటినుంచీ నన్ను ఒకటే తొలిచేసింది. దానికి ఇక్కడ మిగిలిన పని ఆ అక్షరం ఒక్కటే. నేను చదవలేదని చెప్పుంటే మళ్ళీ మార్చేది. మళ్ళీ కాగితం తెమ్మనేది. ఆ పని కోసమైనా ఇంకో వారం ఉండేదేమో. అయిపోయిందని దాని చేత అనిపించింది నేనే. ఇలా అనుకోవడం తెలివితక్కువని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన ఊరుకుంటుందా.

కర్మకాండల రోజు హాల్లో దాని ఫోటో పెట్టారు. దాని మీద గౌరవంతో, పేరు దాని అక్షరాల్లోనే పెద్దగా వేయించి ఫోటో కింద అంటించారు. అందరూ బాగుందన్నారు. నేను కూర్చోలేకపోయాను. ఆ అక్షరాలు వాలి ఉన్నాయి కదా, అది మమ్మల్నందరినీ వదిలించుకుని ఉరుకుతున్నట్టు కనిపించింది. తీసేయమని అల్లుడి చెవిలో చెప్పాను. అతను వెళ్ళి తీసి, మడతపడకుండా చుట్టి కారులో పెట్టాడు.

పదిహేను రోజులయ్యాక, ఒక మంగళవారం బండి తమ్ముడు ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చున్నాడు. టీ తాగాక చెప్పాడు. మార్కెట్‌లో చోటు దొరికింది, శనివారం బండి దిగుతుంది. "అక్క రాతలతోనే ఏయిస్త అమ్మా. శుక్రవారం షాపుల స్టిక్కర్లు కోస్తరట. మీకు ఒకమాట చెప్పి పోదామని వచ్చిన." మంచిది నాయనా అన్నాను. అతను వెళ్ళాక తట్టింది. ఆ అక్షరం ఊరంతా తిరగబోతోంది. ఎవరో ఒకరు ఫుట్‌పాత్ మీద నిలబడి, ఇదేం రాశారో అర్థం కావట్లేదని నవ్వుతారు. మా అమ్మాయిని నవ్వుతారు. చెబుదామంటే, చివరిరోజుల్లో దానికి అబద్ధం చెప్పానని బయటపడాలి. చెప్పి, అక్షరం బాగానే ఉందని తేలితే, చదువురాని దాన్ని పెట్టుకుందని అందరూ దాన్నే అనుకుంటారు. అటూ ఇటూ కాకుండా రెండు రోజులు గడిపాను. అన్నంలో ఉప్పు వేశానో లేదో కూడా తెలియలేదు.

గురువారం పొద్దున దాని గది సర్దుదామని వెళ్ళాను. నిజానికి సర్దడానికి కాదు. కాగితాల కట్ట అలమరలో కింది అరలో ఉంది. మూడేళ్ళ కాగితాలు. ప్రతిదాని మూలా పెన్సిల్ అంకె. తొమ్మిది. ఏడు. ఘ ఉన్నవాటి మీద పద్నాలుగు, పదహారు. నేను ఎంతసేపు నిలబడ్డానో, అది ఎంతసేపు ఎత్తి పట్టుకుందో అన్నీ అందులో ఉన్నాయి. చైనా ఆయన అంకె కూడా ఒక కాగితం మీద కనిపించింది, పక్కన నవ్వు మొహం బొమ్మ వేసి.

అన్నిటికంటే పైన ఆస్పత్రిలో నాకు ఎత్తి చూపించిన కాగితం ఉంది. మూల రెండు అని వేసి ఉంది. పక్కనే ప్రశ్న గుర్తు.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. అల్లుడు ఆఫీసుకి బయల్దేరుతున్నవాడు వచ్చాడు. కాగితం చూపించాను. "ఇది ఎవర్ని అడుగుతోంది బాబూ?" అన్నాను. "మిమ్మల్నే అయ్యుంటుంది అత్తయ్యా" అన్నాడు.

అప్పుడు చెప్పాను. చదవలేదయ్యా, చదవకుండానే చెయ్యెత్తాను, దాని చేతులు చూడలేకపోయాను అని. అతను గోడకి ఆనుకుని నా పక్కనే కూర్చున్నాడు. ఆఫీసుకి ఫోన్ చేసి రానని చెప్పాడు. తర్వాత నన్ను కారెక్కించుకుని హెండర్సన్ బయల్దేరాడు. దారిలో ఒక సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడినా కదల్లేదు. వెనకున్న కారతను హారన్ కూడా కొట్టలేదు. "తను నవ్వింది కదా అత్తయ్యా" అన్నాడు. అదే నా భయం అన్నాను. "కాదు. తనకి తెలుసు. తెలిసే నవ్వింది" అన్నాడు. నాకు ఓదార్పుగా ఉందో, ఇంకా గుచ్చుకుందో ఇప్పటికీ చెప్పలేను.

షాపులో స్టిక్కర్లు కోసే మెషిన్ దగ్గర సమోవా అనే దీవి నుంచి వచ్చినావిడ పనిచేస్తుంది. మా అమ్మాయి పక్కసీటు. చావుకి వచ్చినప్పుడు నన్ను గట్టిగా పట్టుకుని మా ఇద్దరికంటే ఎక్కువ ఏడ్చింది. అల్లుడు సంగతంతా ఇంగ్లీషులో చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేను నేల చూస్తూ నిలబడ్డాను, పంతులుగారి ముందు నిలబడ్డట్టు. ఆవిడ వినడం అయ్యాక లోపలికెళ్ళి ఒక డబ్బా తెచ్చింది. అందులో ఎర్ర స్టిక్కర్ ముక్కలు. అన్నీ చిరిగిపోయిన ఘలే.

అక్షరం చుట్టూ మెషిన్ కోస్తుంది. గిన్నెల్లోపలి ముక్కల్ని మాత్రం చిన్న పట్టకారుతో చేత్తో పీకాలి. ఈ ఒక్క అక్షరం లోపలి ముక్కలు మరీ సన్నమై, పీకేటప్పుడు పక్కది కూడా చిరిగి వచ్చేదట. ఎన్నిసార్లు చేసినా అంతేనట. మా అమ్మాయికి ఎందుకు చెప్పలేదని అల్లుడడిగాడు. అది మీ భాష, నాకేం తెలుసు, నా చెయ్యే మొరటేమో అనుకున్నాను అందట ఆవిడ. అంతలో జబ్బు, ఇక చెప్పబుద్ధి కాలేదట. అల్లుడు ఆ మాట తెలుగులో చెబుతుంటే నేను ఆవిడ మొహం చూశాను. ఆవిడ నా మొహం చూసింది. ఒకే అక్షరం గురించి ఇద్దరం, ఎవరికి వాళ్ళం నా తప్పేలే అనుకుని, దాని దగ్గర దాచిపెట్టాం.

నువ్వు చదవలేకపోతే తప్పు అక్షరానిదమ్మా.

అయితే మా అమ్మాయి చేసినదాన్ని మేం ముట్టుకోవచ్చా? నాకు చెయ్యి రాలేదు. అల్లుడే ఆస్పత్రి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు, ప్రశ్న గుర్తు పైకి కనపడేలా. అడిగి వెళ్ళింది కదా అత్తయ్యా, జవాబు చెప్పొద్దా అన్నాడు.

ఆవిడ కంప్యూటర్లో ఆ అక్షరం తెరిచింది. లోపలి చోటు కాస్త పెంచి, కాగితం మీద వేసి, షాపు వెనక పెరట్లో ఇరవై అడుగులు కొలిచి నిలబడింది. చూశాను. తల అడ్డంగా ఊపాను. మళ్ళీ పెంచింది. మళ్ళీ ఊపాను. దగ్గర్నుంచి చూస్తే సరిపోయినట్టే ఉంటుంది, దూరం వెళ్తే పూడుకుపోతుంది. అప్పుడు నాకు గారెలు గుర్తొచ్చాయి. గారె తట్టి చిల్లి పెడతాం కదా. చిల్లి మనకి కావాల్సినంతే పెడితే నూనెలో పొంగి మూసుకుపోతుంది, మధ్యలో పిండి ఉడకదు. అందుకని ముందే పెద్దది పెడతాం. ఇరవై అడుగుల దూరం కూడా నూనె లాంటిదే. ఆవిడకి గారెంటే తెలియదు. ఎడం అరచేతిలో పిండి ఉన్నట్టు, వేలు తడుపుకున్నట్టు, ఇంత అని చూపించాను. ఆవిడ నా చేతిని చూసి, కంప్యూటర్ చూసి, తలూపింది. గిన్నెలు రెండూ బాగా తెరిచింది, తోకకీ గిన్నెకీ మధ్య కాస్త సందు ఇచ్చింది. దగ్గర్నుంచి చూస్తే బోలుగా, వికారంగా ఉంది. ఆవిడ కాగితం ఎత్తుకుని వెళ్ళి నిలబడింది. లావుపాటి చేతులు, కాస్త కూడా వణకలేదు. ఎంతసేపైనా నిలబడతానన్నట్టు చూసింది.

నేను వేలితో గాల్లో గీసుకుంటూ చూశాను. చదివాను. అయినా చెయ్యి లేవలేదు. నిజంగా చదివానా, తెలిసిన మాట కాబట్టి అనుకుంటున్నానా? ఇంకోమాట వేయమన్నాను, నాకు చెప్పకుండా. అల్లుడే లోపలికెళ్ళి కంప్యూటర్లో కొట్టాడు. కొత్త కాగితం వచ్చింది. మే, ఘం. మేఘం. ఈసారి చెయ్యెత్తాను. ఆవిడ మా అమ్మాయి కాగితాల్లాగే మూల అంకె వేసింది. పదకొండు.

శనివారం పొద్దున బండి తమ్ముణ్ణి ఒకటడిగాను. మార్కెట్‌కి పోయేముందు మా స్టేషన్ రోడ్డు మీదుగా రమ్మన్నాను. నేను ఇటు ఫుట్‌పాత్ మీద ఉంటాను, నువ్వు అటుపక్క ఒక్క నిమిషం ఆపు నాయనా అన్నాను. ఎందుకని అడగలేదు. అల్లుడు చెప్పేవుంటాడు.

అక్కడ నిలబడి కూడా నాకు భయాలే. బండి రాదేమో, వచ్చినా మధ్యలో ఏదైనా బస్సు అడ్డొస్తుందేమో, ఎండకి అక్షరాలు మెరిసి కనపడవేమో. చైనా ఆయన కూరగాయల సంచితో అటుగా పోతూ నన్ను చూసి, వచ్చి పక్కన నిలబడ్డారు.

వచ్చింది. అటుపక్క ఆగింది. నావైపు డ్రైవర్ కిటికీ. దాని వెనక పసుపు రేకు మీద ఎర్రగా, లావుగా, ముందుకు వాలి నాలుగు అక్షరాలు. బండి ఆగి ఉన్నా అవి మాత్రం ఆగలేదు. బండి తమ్ముడు కిటికీలోంచి నన్నే చూస్తున్నాడు. వెనక బస్సొకటి వచ్చి ఆగింది. నాకు కంగారు పుట్టింది. చెయ్యెత్తేద్దామా అనిపించింది. ఎత్తలేదు. చైనా ఆయన చెయ్యి అప్పుడే లేచింది. నేను ఆయన్ని చూడలేదు.

ఘు. రెండు గిన్నెల్లోంచీ వెనకున్న పసుపు కనపడుతోంది. మ. మళ్ళీ ఘు. తోక, సందు, కొమ్ము. మ.

బండి తమ్ముడు కదల్లేదు. బస్సూ కదల్లేదు.

చెయ్యెత్తాను. అప్పుడు బండి బయల్దేరింది. అక్షరాలు దానికంటే ఒక అడుగు ముందే ఉన్నట్టు ఉరుక్కుంటూ పోయి మలుపు తిరిగాయి. బస్సు మా ముందు నుంచి పోతూ ఉంటే, లోపల ఎవరో చిన్నపిల్ల నాకు చెయ్యూపింది. అప్పుడు చూసుకున్నాను, నా చెయ్యి ఇంకా పైనే ఉంది.